గుండె గోలీ: ఆస్పిరిన్, స్టాటిన్ కలిపిన మందును సరిగ్గా వాడటం ఎలా

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా గుండెకు స్టెంట్ పడ్డవాళ్లో, ఒకసారి హార్ట్ ఎటాక్ వచ్చి బతికి బయటపడ్డవాళ్లో, పక్షవాతం నుంచి కోలుకున్నవాళ్లో ఉంటారు. వాళ్ల మందుల డబ్బాలో చాలాసార్లు కనిపించేది ఆస్పిరిన్, స్టాటిన్ రెండూ కలిపిన క్యాప్సూల్. ఎకోస్ప్రిన్ ఏవీ అనే పేరు ఎక్కువ మందికి తెలుసు. వేరే కంపెనీల పేర్లతోనూ ఇదే మందు దొరుకుతుంది. ఊళ్లలో అయితే "గుండె గోలీ" అంటే చాలు, అర్థమవుతుంది.

మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడి ఏళ్ల తరబడి ఈ స్ట్రిప్పులు ఇస్తున్నాను. రెండు రకాల మనుషులను చూసినప్పుడు నాకు భయం వేస్తుంది. "మా బావకు రాశారు, నాకూ ఒక స్ట్రిప్పు ఇవ్వు, ముందు జాగ్రత్తకు వేసుకుంటా" అనేవాళ్లు ఒకరు. "ఇప్పుడు బాగానే ఉంది కదా, ఇంకెన్నాళ్లు మింగాలి" అని స్టెంట్ పడ్డ కొన్ని నెలలకే మానేసేవాళ్లు ఇంకొకరు. ఈ మందు మొదలుపెట్టాలన్నా, మానాలన్నా డాక్టరే చెప్పాలి. మొదలుపెట్టాక రోజూ సరిగ్గా వేసుకోవడం మాత్రం మన పని. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

లోపల ఉన్నవి రెండు మందులు

క్యాప్సూల్ ఒక్కటే అయినా లోపలి మందులు రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలుంటాయి. దెబ్బ తగిలినప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుని రక్తం కారకుండా ఆపుతాయి. గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పూత పగిలితే అక్కడా అదే పని చేసి గడ్డ కట్టిస్తాయి. హార్ట్ ఎటాక్ అంటే చాలావరకు అదే. ఆస్పిరిన్ ఆ అతుక్కునే గుణాన్ని తగ్గిస్తుంది. ఒకసారి మందు పడ్డ ప్లేట్‌లెట్ తన జీవితకాలం, అంటే ఏడు నుంచి పది రోజులు, మళ్లీ మామూలుగా పనిచేయదు. అందుకే 75 మిల్లీగ్రాముల చిన్న మోతాదు కూడా రోజుకొకసారి సరిపోతుంది.

స్టాటిన్ పని చేసేది కాలేయంలో. అక్కడ కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, కాలేయం ఎక్కువగా లాక్కునేలా చేస్తుంది. బత్తాయి తోటల్లో డ్రిప్ పైపుల లోపల ఉప్పు నీళ్లకు పొర పేరుకున్నట్టు రక్తనాళంలో ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు ఒక్క నెలలో కడుక్కుపోదు. కానీ స్టాటిన్ వేసుకుంటూ ఉంటే ఆ పొర గట్టిపడి పగలకుండా నిలబడుతుంది, కొత్తగా పేరుకోవడం తగ్గుతుంది. క్యాప్సూల్లో ఎక్కువగా ఉండేవి అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్.

"ఇంగ్లీషు మందు, అంతా కెమికల్" అని భయపడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మొట్టమొదటి స్టాటిన్‌ను జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో 1970లలో కనిపెట్టింది ఒక రకం బూజులో. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో స్టాటిన్లను పరీక్షించినంతగా పరీక్షించిన గుండె మందులు చాలా తక్కువ.

మీకు ఎందుకు రాశారో ముందు తెలుసుకోండి

మొదటి గోలీ వేసుకునే ముందే డాక్టరును ఈ ప్రశ్న అడగండి: "సార్, ఇది నాకు వచ్చిన జబ్బు మళ్లీ రాకుండా ఇస్తున్నారా, రాకముందే జాగ్రత్తకు ఇస్తున్నారా?" ఆ జవాబును బట్టే మిగతాదంతా ఉంటుంది.

ఇప్పటికే హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకు, స్టెంట్ లేదా బైపాస్ అయినవాళ్లకు, గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చినవాళ్లకు ఈ రెండు మందుల వల్ల మేలు ఎక్కువ, నష్టం తక్కువ. ఇందులో డాక్టర్ల మధ్య పెద్ద తేడాల్లేవు. గుండెపోటు వచ్చిన గంటల్లో ఆస్పిరిన్ ప్రాణాలు నిలబెడుతుందని 1988లోనే వేలమంది రోగులతో చేసిన పరిశోధనలో తేలింది. 2022లో యూరప్‌లో హార్ట్ ఎటాక్ నుంచి కోలుకున్న పెద్దవాళ్లకు ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, రామిప్రిల్ అనే బీపీ మందు మూడింటినీ ఒకే గోలీగా ఇచ్చి చూశారు. విడివిడిగా వేసుకున్నవాళ్లతో పోలిస్తే వాళ్లలో మళ్లీ పెద్ద ఇబ్బందులు తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కలిపిన గోలీలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. గోలీల సంఖ్య తగ్గితే మనుషులు మరిచిపోకుండా వేసుకుంటారు, అంతే.

ఏ జబ్బూ రానివాళ్ల సంగతి వేరు. 2018లో ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఎక్కువగా 70 దాటిన ఆరోగ్యవంతులకు రోజూ ఆస్పిరిన్ ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. గుండె జబ్బులు పెద్దగా తగ్గలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. అందుకే 2022 నుంచి అమెరికా నిపుణుల సంఘం 60 దాటినవాళ్లు కేవలం ముందు జాగ్రత్తకని ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దని చెబుతోంది. షుగర్, కొలెస్ట్రాల్ ఉండి ఇంకా గుండె జబ్బు రానివాళ్లలో చాలామందికి ఒక్క స్టాటిన్ చాలు, పక్కన ఆస్పిరిన్ అక్కర్లేదు. కాబట్టి బావ చీటీ చూసి మీరు మొదలుపెట్టకండి. షాపువాళ్లు అడగ్గానే ఇచ్చినా సరే.

మొదలుపెట్టే ముందు దాచకుండా చెప్పాల్సినవి

కడుపులో పుండు ఉందా, ఎప్పుడైనా మలం నల్లగా వచ్చిందా, రక్తం వాంతి అయిందా అన్నవి మొదట చెప్పాలి. నొప్పుల గోలీ వేసుకుంటే దమ్ము వచ్చే ఆస్తమా ఉందా, మెదడులో రక్తస్రావం అయి పక్షవాతం వచ్చిందా, కాలేయం, కిడ్నీ జబ్బులున్నాయా అనేవీ ముఖ్యమే. బీపీ మీద డాక్టర్లు ఎక్కువగా ఆగుతారు. బీపీ అదుపు తప్పి ఉన్నప్పుడు ఆస్పిరిన్ వేసుకుంటే మెదడులో రక్తం చిట్లే ప్రమాదం పెరుగుతుంది. ముందు బీపీ దించి, తర్వాత గోలీ ఇస్తారు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, స్టాటిన్ సాధారణంగా వాళ్లకు ఇవ్వరు.

చీటీ, స్ట్రిప్పు చదవడం నేర్చుకోండి

స్ట్రిప్పు మీద 75/10, 75/20, 150/20 అని అంకెలుంటాయి. సాధారణంగా మొదటిది ఆస్పిరిన్, రెండోది స్టాటిన్. కానీ ఈ క్రమాన్ని గుడ్డిగా నమ్మకండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, అదే చదివించుకోండి. పేరు చివర "గోల్డ్" అని ఉంటే చాలావరకు ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వని క్లోపిడోగ్రెల్ అనే మూడో మందు కూడా కలిసి ఉన్నట్టు. మామూలు దానికి బదులు అది తెచ్చుకున్నా, దానికి బదులు మామూలుది తెచ్చుకున్నా చికిత్సే మారిపోతుంది. స్టెంట్ పడ్డ మొదటి ఏడాది ఈ పొరపాటు అసలు జరగకూడదు.

చీటీ మీద 1-0-0 అని ఉంటే ఉదయం, 0-0-1 అని ఉంటే రాత్రి. మధ్యలోది మధ్యాహ్నం.

నేను కౌంటర్ మీద మళ్లీ మళ్లీ పట్టుకునే పొరపాటు ఇంకొకటుంది. హైదరాబాద్ ఆస్పత్రిలో డిశ్చార్జ్ చేసేటప్పుడు అటోర్వాస్టాటిన్ 40 విడిగా, ఆస్పిరిన్ విడిగా రాస్తారు. రెండు నెలల తర్వాత మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఇంకో డాక్టరు కలిపిన గోలీ రాస్తారు. పాతది ఆపమని ఎవరూ చెప్పరు, మనిషి రెండూ మింగుతూ ఉంటాడు. ఆస్పిరిన్ రెండింతలు, స్టాటిన్ మోతాదుకు మించి. దీనికి విరుగుడు సులువు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇంట్లో ఉన్న గోలీలన్నీ, షుగరువీ బీపీవీ గ్యాసువీ సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. చీటీ చూపిస్తే సరిపోదు. చీటీలో ఉన్నవి వేరు, ఇంట్లో మింగుతున్నవి వేరు.

హార్ట్ ఎటాక్ తర్వాత మాత్రం డాక్టర్లు స్టాటిన్ ఎక్కువ మోతాదే ఇస్తారు. "40 ఎక్కువ కదా, 10 ఇవ్వు" అని షాపులో మీరే తగ్గించుకోకండి.

రోజూ వేసుకునే పద్ధతి

అన్నం తిన్న తర్వాత, నిండు గ్లాసు నీళ్లతో, క్యాప్సూల్‌ను విప్పకుండా, నమలకుండా, పొడి చేయకుండా మింగాలి. లోపలి ఆస్పిరిన్‌కు పొట్టలో కరగకుండా పేగుల్లోకి వెళ్లాక కరిగేలా పూత ఉంటుంది. పొడి చేసి మజ్జిగలో కలిపితే ఆ పూత పోతుంది. మింగలేని ముసలివాళ్లున్న ఇళ్లలో ఇలా చేస్తుంటారు. మింగడం కష్టమైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి, వేరే రూపంలో రాస్తారు. మింగగానే పడుకోకండి, కాసేపు కూర్చోండి.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రెండూ ఒంట్లో చాలాసేపు ఉంటాయి కాబట్టి పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా పెద్ద తేడా లేదు. ఒకటే సమయం పెట్టుకోవడం ముఖ్యం. పొద్దున్నే చాయ్ తాగి చేనుకు పోయేవాళ్లు, నాట్ల కాలంలో, పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం దాకా ఏమీ తిననివాళ్లు రాత్రి బువ్వ తిన్న తర్వాత పెట్టుకుంటే మరిచిపోరు. శనివారాలో ఏకాదశో ఉపవాసం ఉంటే ఆ రోజు తినే సమయంలోనే వేసుకోండి. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత భోజనం చేశాక, అయ్యప్ప మాలలో రాత్రి అల్పాహారం తర్వాత. దీక్షలో ఉన్నామని మందు మానేయడం ఏ దేవుడూ అడగడు.

ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. మర్నాటి గోలీ సమయం దగ్గర పడ్డాకే గుర్తొస్తే, వదిలేసి మామూలుగా కొనసాగించండి. రెండు కలిపి వేసుకోవద్దు. వారానికి రెండుమూడుసార్లు మరిచిపోతున్నారంటే ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా పెట్టుకోండి, కానీ స్ట్రిప్పు నుంచి విడదీసిన గోలీలను ఒక వారానికి మించి అందులో నింపొద్దు.

నొప్పుల గోలీల దగ్గర ఆగండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. మన దగ్గర ఈ మందును పాడుచేసేది ఎక్కువగా ఇదే.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా నొప్పులతోనే బతుకుతోంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కొత్త తరానికి ఆ బాధ తగ్గినా, ఎముకల్లో ఒకసారి చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. నడుం, మోకాళ్లు, మెడ బిగుసుకుపోయి ఏదో ఒక నొప్పి గోలీ వేసుకోనిదే మంచం దిగలేనివాళ్లున్నారు. అదే మనిషికి 60 దాటాక గుండె జబ్బు వస్తే గుండె గోలీ, నొప్పి గోలీ రెండూ ఒకే పొట్టలో పడతాయి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఆస్పిరిన్‌తో కలిస్తే పొట్టలో పుండు పడి రక్తం కారే ప్రమాదం బాగా పెరుగుతుంది. కిడ్నీ మీద భారం పడుతుంది. ఐబుప్రొఫెన్ ఇంకో పని కూడా చేస్తుంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ మీద కూర్చోవాల్సిన చోట అది ముందే కూర్చుని అడ్డుపడుతుంది. అంటే గుండెకు కాపలా కాయాల్సిన మందు మింగినా పనిచేయనట్టే. వీటిలో కొన్ని సొంతంగానే గుండెపోటు ప్రమాదం పెంచుతాయి కూడా.

నొప్పికి మొదట పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఎంత, ఎన్నిసార్లు అన్నది, కాలేయం సంగతి చూసి డాక్టరు చెబుతారు. పైన రాసుకునే నొప్పి ఆయింట్‌మెంటు, కాపడం, ఫిజియోథెరపీ వ్యాయామాలు ఆస్పిరిన్‌కు పెద్దగా అడ్డురావు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి సూదికి వెళితే నోరు తెరిచి చెప్పండి: "నాకు గుండె గోలీ ఉంది, ఆస్పిరిన్ వేసుకుంటున్నా, నొప్పుల సూది వద్దు." ఒకసారి చెబితే ఆయన గుర్తుపెట్టుకుంటారు. చెప్పకపోతే జ్వరానికి కూడా డైక్లోఫెనాక్ సూది పడిపోతుంది.

పొట్ట కాపాడటానికి డాక్టరు పాంటాప్రజోల్ లాంటి గోలీ రాస్తే అది కూడా ఈ చికిత్సలో భాగమే, అదనపు ఖర్చు కాదు. దాన్ని మాత్రం తిండికి ముందు వేసుకోవాలి. మీ గోలీలో క్లోపిడోగ్రెల్ ఉంటే ఒమెప్రజోల్ అనే గ్యాస్ గోలీ సొంతంగా కొనుక్కోకండి, అది క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుంది. ఛాతీ మంటకు తాగే తెల్లటి గ్యాస్ సిరప్‌ను రోసువాస్టాటిన్‌తో పాటు తాగితే స్టాటిన్ ఒంటికి పట్టడం దాదాపు సగానికి తగ్గిపోతుంది. గోలీకి, సిరప్‌కు మధ్య కనీసం రెండు గంటలు ఉంచండి.

తామర మందు, బత్తాయి, కల్లు

చెమటకు గజ్జల్లో, నడుం దగ్గర తామర రావడం, దానికి ఇట్రాకొనజోల్ క్యాప్సూళ్లు వారాల తరబడి వాడటం మన దగ్గర మామూలు. ఇట్రాకొనజోల్ అటోర్వాస్టాటిన్‌ను ఒంట్లో నుంచి పోనివ్వదు. స్టాటిన్ పేరుకుని కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దగ్గుకు, గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌లతోనూ ఇదే ఇబ్బంది. చర్మం డాక్టరుకు మీరు గుండె గోలీ గురించి చెప్పరు, ఆయన అడగకపోవచ్చు. అందుకే ఇందాక చెప్పిన కవర్ అక్కడికీ తీసుకెళ్లాలి.

నల్గొండ కాబట్టి ఈ ప్రశ్న తప్పదు: బత్తాయి తినొచ్చా? తినొచ్చు. మన బత్తాయి నారింజ జాతిది. అటోర్వాస్టాటిన్‌తో పడనిది గ్రేప్‌ఫ్రూట్, దాని చుట్టమైన పంపర పనస. షుగర్ ఉన్నవాళ్లు రసం తాగకుండా తొనలు తినడం మంచిది.

వంటలో వెల్లుల్లి, పసుపు, అల్లం మామూలుగా వాడుకోవచ్చు. కొలెస్ట్రాల్ తగ్గిస్తామని అమ్మే వెల్లుల్లి సారం క్యాప్సూళ్లు, పేరు తెలియని పొడులు మాత్రం ఆస్పిరిన్‌తో కలిపి తీసుకోకండి. వాటిని నమ్ముకుని స్టాటిన్ మానేయడం ఇంకా ప్రమాదం.

కల్లు, సారా, బ్రాందీ ఏదైనా ఆస్పిరిన్‌తో కలిస్తే పొట్ట గోడ దెబ్బతింటుంది. రోజూ తాగేవాళ్లలో కాలేయం కూడా పాడవుతుంది కాబట్టి స్టాటిన్ ఇవ్వడానికే డాక్టరు వెనకాడాల్సి వస్తుంది. మత్తుమందు కలిపిన కల్లు పాలమూరు వైపు ఎన్నోసార్లు పట్టుబడింది. అది తాగి తూలి పడి తలకు దెబ్బ తగిలితే, ఆస్పిరిన్ మీద ఉన్న మనిషికి లోపల రక్తం కారడం తొందరగా ఆగదు. తలకు గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ, పైకి గాయం కనబడకపోయినా, దవాఖానకు తీసుకెళ్లండి.

జ్వరాల కాలం, పన్ను పీకించుకోవడం

వానాకాలం డెంగీ జ్వరాలొస్తాయి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఉన్న ప్లేట్‌లెట్లను ఆస్పిరిన్ పనిచేయనివ్వదు. అందుకని జ్వరం వచ్చిన రోజే డాక్టరును కలిసి "నేను రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాను, స్టెంట్ ఉంది" లేదా "స్టెంట్ లేదు" అని చెప్పండి. ప్లేట్‌లెట్ల సంఖ్య, స్టెంట్ ఎప్పుడు పడింది అన్నవి చూసి ఆపాలో వద్దో ఆయన నిర్ణయిస్తారు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే గోలీ వద్దు. ఇంట్లో మిగిలిన ఆస్పిరిన్‌ను జ్వరం వచ్చిన పిల్లలకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. దాని వల్ల పిల్లల్లో రేస్ సిండ్రోమ్ అనే ప్రాణం తీసే జబ్బు రావచ్చు.

పన్ను పీకించుకోవాలంటే చాలామంది వారం ముందు నుంచే ఆస్పిరిన్ మానేసి వెళుతున్నారు. చాలా సందర్భాల్లో ఆపక్కర్లేదు. దంతవైద్యులు దూది ఒత్తి పెట్టి రక్తం ఆపగలరు. పెద్ద ఆపరేషన్లకు మాత్రం సర్జన్, గుండె డాక్టరు మాట్లాడుకుని చెబుతారు. కొడవలి కోసుకున్నా, ముల్లు గుచ్చుకున్నా రక్తం ఆగడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. శుభ్రమైన బట్టతో పది, పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యమధ్యలో ఎత్తి చూడకండి.

ఒంటిని గమనించండి

తారు లాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో మలం వస్తే అది పొట్టలో రక్తం కారుతున్న గుర్తు. ఐరన్ గోలీలు వేసుకున్నా మలం నల్లబడుతుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. కాఫీ పొడి లాంటి వాంతి, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మూతి వంకర పోవడం, కాలో చెయ్యో చచ్చుబడటం, మొహం వాచి దమ్ము రావడం, వీటిలో ఏది కనబడినా అదే రోజు కాదు, అదే గంటలో వెళ్లాలి. చిన్న దెబ్బకు చర్మం కింద కమిలినట్టు మచ్చ పడటం, చిగుళ్ల నుంచి కొంచెం రక్తం రావడం అయితే తర్వాతిసారి డాక్టరుకు చెప్పొచ్చు.

స్టాటిన్‌తో కండరాల నొప్పులు కొందరికి వస్తాయి. పొలం పనికి వచ్చే నొప్పితో కలిపి చూడకండి. పనికి వచ్చేది ఆ పని చేసిన చోట వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు తొడలు, రెండు పిక్కలు, భుజాలు అన్నట్టు రెండువైపులా సమానంగా వస్తుంది, మందు మొదలుపెట్టిన వారాల్లో, మోతాదు పెంచిన వారాల్లో కనబడుతుంది. అప్పుడు కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్త పరీక్ష, దాంతో పాటు థైరాయిడ్, విటమిన్ డి చూపించుకోండి. వాటి లోపం ఉంటే నొప్పులు ఎక్కువవుతాయి. మోతాదు తగ్గించడం, వేరే స్టాటిన్‌కు మార్చడం లాంటి దారులు డాక్టరు దగ్గర ఉంటాయి. మూత్రం కోలా రంగులో వస్తూ ఒళ్లంతా నీరసంగా నొప్పిగా ఉంటే మాత్రం గోలీ ఆపి వెంటనే దవాఖానకు వెళ్లండి. ఇది చాలా అరుదు.

లండన్‌లో 2020లో చేసిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. నొప్పులొస్తున్నాయని స్టాటిన్ మానేసినవాళ్లకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి గోలీ, కొన్ని నెలలు ఏదీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో సుమారు 90 శాతం ఉత్తుత్తి గోలీతో కూడా వచ్చాయి. నొప్పి నిజమే, కారణం మాత్రం ఎప్పుడూ ఈ గోలీయే కాదు. భయపడి మానేసే ముందు అడగమనేది అందుకే.

షుగర్ కొంచెం పెరగొచ్చు అన్నది కూడా నిజమే. గుండెకు జరిగే మేలు దానికంటే పెద్దది కాబట్టి డాక్టర్లు కొనసాగిస్తారు, షుగర్ చూస్తూ ఉంటారు.

పరీక్షలు, "నార్మల్ వచ్చింది" అనే ఉచ్చు

మొదలుపెట్టిన, లేదా మోతాదు మార్చిన ఒకటి నుంచి మూడు నెలల్లో లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రక్త పరీక్ష, చేయించుకోండి. మొదలుపెట్టే ముందు ఒక లివర్ పరీక్ష ఉంటే మంచిది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 70 కంటే తక్కువ ఉండాలి. ఇప్పుడు చాలామంది గుండె డాక్టర్లు 55 కంటే దిగువకు తెస్తున్నారు. ల్యాబ్ రిపోర్టులో మాత్రం 100 లోపు ఉంటే "నార్మల్" అని ముద్రించి ఉంటుంది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క. మీ లెక్క వేరు. 92 చూసి నార్మల్ అని సంబరపడి ఇంటికి వెళ్లిపోకండి, ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించండి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. "60కి వచ్చింది, ఇక మానేయొచ్చు" అనుకోవడం. 60కి తెచ్చింది ఆ గోలీయే. ఆపితే కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికి చేరుతుంది. ఆస్పిరిన్ ఆపితే పది రోజుల్లో కొత్త ప్లేట్‌లెట్లు పూర్తిగా వచ్చేస్తాయి. స్టెంట్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా మొదటి ఏడాదిలో, ఒక్కసారిగా మానేస్తే స్టెంట్ లోపలే గడ్డ కట్టొచ్చు. అలా వచ్చే హార్ట్ ఎటాక్‌లో ప్రాణాలు పోయే అవకాశం చాలా ఎక్కువ.

ఎండ, వలస, ఖర్చు

ఆస్పిరిన్‌కు తేమ, వేడి పడవు. స్ట్రిప్పు విప్పగానే సిర్కా లాంటి పుల్లటి వాసన వస్తే ఆస్పిరిన్ విరిగిపోయిందని అర్థం, ఆ గోలీ వాడకండి. మన ఎండాకాలంలో కిటికీ గూట్లో, బండి డిక్కీలో, రేకుల ఇంట్లో పైకప్పు దగ్గర పెట్టొద్దు. వంటింట్లో పొయ్యి పక్కన అసలే వద్దు. చల్లగా, పొడిగా ఉండే బీరువాలో పెట్టండి. స్ట్రిప్పు సగం కోసి తీసుకుంటే గడువు తేదీ ఉన్న ముక్క మీ దగ్గరే ఉండేలా అడగండి.

అచ్చంపేట, నారాయణపేట వైపు నుంచి ముంబయికో పుణెకో నెలల తరబడి పనికి వెళ్లేవాళ్లు కనీసం రెండు నెలల మందు, చీటీ ఫోటో వెంట తీసుకెళ్లండి. కంపెనీ పేరు అక్కడ వేరేగా దొరికినా, చీటీలో మందు పేరు, మిల్లీగ్రాములు ఉంటే అదే మందు తెచ్చుకోవచ్చు. చెర్వుగట్టు, కురుమూర్తి, సలేశ్వరం జాతరలకు పోయినా గోలీ జేబులో ఉండాలి.

జనౌషధి కేంద్రంలో అడిగి చూడండి, అదే మందు చవకగా వస్తుంది. బస్తీ దవాఖాన, పల్లె దవాఖాన, పీహెచ్‌సీల్లో బీపీ, షుగర్ మందులతో పాటు స్టాటిన్, ఆస్పిరిన్ ఏవి దొరుకుతాయో అడగండి. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఆ ఆస్పత్రి ఆరోగ్యమిత్రను ఫాలోఅప్ మందుల సంగతి అడగండి. డబ్బులు లేక గోలీ ఆగిపోయేలా ఉంటే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. చవకది రాసిస్తారు.

ఛాతీ నొప్పి వస్తే

రోజూ వేసుకునే గుండె గోలీ ప్రమాద సమయంలో వాడే మందు కాదు. పూత ఉన్న ఆస్పిరిన్ కరగడానికి గంటలు పడుతుంది. ఛాతీలో బరువు పెట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు పట్టడం, దమ్ము ఆడకపోవడం పది నిమిషాలు దాటితే "గ్యాస్ పట్టింది" అని సోడా తాగుతూ, ఈనో కలుపుకుంటూ కూర్చోకండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా చెమట, నీరసం, కడుపులో తిప్పడం మాత్రమే ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం అవుతున్నవాళ్లు కాకపోతే, పూత లేని ఆస్పిరిన్ 300 నుంచి 325 మిల్లీగ్రాములు నమిలి మింగమని 108 వాళ్లు ఫోన్లో చెప్పే అవకాశం ఉంది. వాళ్లు చెప్పినట్టు చేయండి. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి పక్షవాతంలా ఉంటే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకండి. స్కాన్ తీస్తే తప్ప అది గడ్డో, రక్తస్రావమో తెలియదు.

ఇంట్లో ఎవరో ఒకరికి ముందే చెప్పి పెట్టండి. మందుల కవర్, పాత ఈసీజీ, డిశ్చార్జ్ కాగితం ఒకేచోట ఉండాలి. అంబులెన్స్ ఎక్కేటప్పుడు వాటితో పాటు ఆ రోజు గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పగలిగిన మనిషి వెంట ఉండాలి. బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. దగ్గరలో ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగిన దవాఖాన ఏదో 108 వాళ్లకు తెలుసు, వాళ్లు తీసుకెళ్లిన చోటికే వెళ్లండి.